హుసేనమ్మ వదిలిన గడ్డి

నేలనెమలి గురించి పక్షుల పుస్తకాల్లో "అతి కష్టమ్మీద కనబడే పక్షి" అని రాశారట. ఎవరికి కష్టమో మాత్రం రాయలేదు. హాలహర్వి చుట్టుపక్కల కలుపు తీసే ఆడవాళ్ళకు దాన్ని చూడాలంటే నడుము వంచడం తప్ప వేరే కష్టమేమీ ఉండదు. నాటుకోడి అంత ఉంటుంది. వానలు పడ్డాక వేరుశనగ చేలల్లోకి, పక్కనున్న గడ్డి బీళ్ళలోకి వస్తుంది. మగదానికి ఒళ్ళంతా నలుపు, రెక్కల మీద తెలుపు, తల వెనక పోగుల్లాంటి సన్నటి ఈకలు. పొద్దున పూట గడ్డిలోంచి మనిషెత్తు పైకి ఎగిరి, కప్పలాగా ఒక అరుపు అరిచి, రాయి పడ్డట్టు మళ్ళీ ఆ గడ్డిలోనే పడుతుంది. ఇదంతా పెట్ట చూడాలని. పెట్ట చూస్తుందో లేదో గానీ, పెద్ద చదువుల వాళ్ళు మాత్రం కార్లేసుకొని వచ్చి, మెడలో దుర్భిణీలు తగిలించుకొని, వారం రోజులు కాచుకొని, తొండల్ని చూసి పోతుంటారు.

అంతటి వాళ్ళకు కనబడని పక్షి మా హుసేనమ్మకు కనబడింది. అదే ఆమె చేసిన తప్పయింది.

హుసేనమ్మ పేరు విని సాయిబుల ఆడమనిషి అనుకునేరు. కాదు. ఆమె ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే, వాళ్ళమ్మ పీర్ల చావిడి ముందు నిలబడి, ఈ బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ బతికింది. మామూలుగా కాదు, నలుగురి గొంతు పెట్టుకొని బతికింది. బడికి మూడు రోజులు పోయింది. నాలుగో రోజు పత్తి ఏరడానికి పోయింది. ఆ మూడు రోజుల్లో పంతులుకు ఈమె చెప్పింది ఎక్కువో, పంతులు ఈమెకు చెప్పింది ఎక్కువో ఎవరూ తేల్చలేదు. మొగుడు ఆంజనేయులు ఆదోని జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఆ మిషన్ల మోతకు సగం చెవుడు తెచ్చుకున్నాడు. వాళ్ళ కాపురం ఇంత సజావుగా సాగడానికి కారణం ఆ మిల్లేనని భీమక్క అంటుంది. భీమక్క హుసేనమ్మ గుంపులోనే కలుపు తీస్తుంది. ఆమె నోరు కూడా తక్కువేం కాదు.

ఆ గుంపులో పన్నెండు మంది. ఇరవై రెండేళ్ళుగా హుసేనమ్మే పెద్ద. ఆమెకు పెద్దరికం ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. సాయంత్రం ఇంటింటి ముందర నిలబడి "రేపు ఫలానా వాళ్ళ చేను" అంటుంది, అంతే. తెల్లారకముందే పన్నెండు ఇళ్ళలో రొట్టెలు కాలుతాయి, సద్దులు కడతారు. చేను ఉందో లేదో, రైతు పిలిచాడో లేదో ఎవరూ అడగరు. హుసేనమ్మ చెప్పింది కాబట్టి ఉంటుంది. రైతులూ అంతే. సాలు శుభ్రంగా తీశామని ఆమె అంటే గట్టు మీద నుంచే తల ఊపి పోతారు. ఆమె ఆస్తి అంతా ఆ మాటే. తక్కినదంతా రెండు గదుల ఇల్లు, ఒక బర్రె.

శ్రావణం మొదట్లో ఒక శుక్రవారం నరసప్ప చేలో వేరుశనగ కలుపు తీస్తున్నారు. ఒక సాలు చివర, బీడుకు ఆనుకొని, హుసేనమ్మ గడ్డి పట్టుకొని లాగబోయింది. చేతికి జానెడు దూరంలో మట్టిరంగు పెట్ట ఒకటి కదలకుండా కూర్చొని ఆమెనే చూస్తోంది. హుసేనమ్మ కూడా చూసింది. ఇద్దరూ ఆడవాళ్ళే, పనిలో ఉన్నవాళ్ళే. హుసేనమ్మ మాట ఆపకుండా, పక్క సాలులో ఉన్న భీమక్కతో కోడలి సంగతి చెబుతూనే వెనక్కి జరిగింది.

కలుపులో గూడు కనబడితే ఏం చేయాలో మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గూటి చుట్టూ ఒక బారెడు గడ్డి తీయకుండా వదిలేస్తారు. ఒక పత్తికట్టెకు గుడ్డపేలిక కట్టి అక్కడ గుచ్చుతారు. తర్వాత సాళ్ళ మధ్య గుంటక తోలేవాడు ఆ గుడ్డ చూసి ఎద్దుల్ని చుట్టూ తిప్పుకొని పోతాడు. పిట్టకు పిల్లలు లేచిపోయాక గుడ్డ పీకేస్తారు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. అయితే కౌజుపిట్టకు బారెడు చాలు. ఇది నేలనెమలి, పెద్ద పిట్ట, పైగా పిరికిది. హుసేనమ్మ చుట్టూ నాలుగు బారలు వదిలింది. తన కొంగులో నుంచే పేలిక చించి కట్టింది.

మధ్యాహ్నం నరసప్ప వచ్చాడు. నరసప్ప పదిహేనేళ్ళు ఆదోనిలో ఎరువుల అంగడి నడిపి, మూడేళ్ళ కిందే మళ్ళీ సేద్యానికి దిగాడు. అంగడిలో కూర్చున్నన్ని రోజులూ రైతులకు సేద్యం ఎలా చేయాలో చెప్పి చెప్పి, తనకు వచ్చని ఆయనే నమ్మాడు. చేలో పచ్చగా నిలబడిన గడ్డిని చూసి గట్టు మీద ఆగాడు.

"ఏం హుసేనక్కా, ఈడ గడ్డి పెంచేకి కూడా కూలి తీసుకుంటాండారా?"

"గూడుండాదప్పా. నేలనెమలి పొదుగుతాంది. గుడ్డ కట్టినా చూడు."

"నేలనెమలా? మా తాత చెప్తే విన్నా దాని గురించి. మా నాయనే చూడలేదు దాన్ని. నడుములు నొస్తే నొచ్చినాయని చెప్పండి. పాపం పిట్ట మీద ఎందుకు పెడతారు?"

"నడుము నొస్తే నొచ్చిందనే చెప్తా. నీకాడ నాకేం భయమా?"

"సరే, చూపించు మరి." నరసప్ప అడుగు ముందుకు వేశాడు.

హుసేనమ్మ కొడవలి పట్టుకొని అడ్డం నిలబడింది. "పోవద్దప్పా. నువ్వు చూసేకని మీదికి పోతే లేచిపోతాది. ఇంగ రాదు. గుడ్లు మురిగిపోతాయి."

"బాగుందక్కా. చూస్తే పోతాదంట, చూడకుంటే ఉంటాదంట. దేవుడైనా ఏడాదికొకసారి ఊరేగింపుకు బయటికొస్తాడు. నీ పిట్టకు అది కూడా లేదు."

గుంపులో ఒకరిద్దరు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. హుసేనమ్మ అది చూసింది. నరసప్ప అన్నదానికన్నా ఆ నవ్వే ఆమెకు గుచ్చుకుంది.

"విను," అన్నాడు నరసప్ప. "సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టను. మంగళవారం గుంటక దింపుతా. అంతలోపల నా కండ్లకు ఆ పిట్ట కనబడితే సుట్టూ తిప్పుకొని పోతా. లేదంటే ఆ గడ్డి మీదనే తోలుతా. ఇంగ తక్కిన చేనికి పక్కూరి గుంపును పిలుచుకుంటా. పని చేసేటోళ్ళు కావల్ల నాకు, కతలు చెప్పేటోళ్ళు కాదు."

పోయేది ఒక్క నరసప్ప చేను అయితే హుసేనమ్మ పట్టించుకునేది కాదు. కానీ 'హుసేనమ్మ కలుపు వదిలేసి పిట్ట పేరు చెప్పిందంట' అన్న మాట ఒక్కసారి ఊరు దాటితే, ఇక ఆమె చెప్పిందని ఏ రైతూ గట్టు మీద తల ఊపడు. ఆమె చెప్పిందని ఏ ఇంట్లోనూ రొట్టె కాలదు. యాభై ఆరేళ్ళ మనిషి, ఇంకొకరి గుంపులో వెనక సాలు పట్టాల్సి వస్తుంది.

నరసప్ప ఆ మాటను ఊరు దాటించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. సాయంత్రానికి హాలహర్వి టీ అంగడిలో చెప్పి అందరినీ నవ్వించాడు. ఆ నవ్వేవాళ్ళ మధ్య నవ్వని మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన చేతిలో టీ గ్లాసు ఒలికి ప్యాంటు తడిసింది. ఆయనే రాఘవేంద్ర సారు.

రాఘవేంద్ర సారుది ఎమ్మిగనూరు. బ్యాంకులో పనిచేసి రిటైరైనాడు. ఇప్పటికి మూడు వందల పైచిలుకు పక్షుల్ని చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు. నేలనెమలి ఒక్కటే మిగిలింది. దానికోసం తొమ్మిది వానాకాలాలుగా ఆ టీ అంగడికి వచ్చి, అక్కడున్న మగవాళ్ళను అడుగుతున్నాడు. వాళ్ళు కాదనకుండా చెబుతున్నారు. ఒకాయన తూర్పు చూపించేవాడు, ఒకాయన పడమర. అందరూ నిన్ననే చూశారు. సారు టీలు తాగిస్తున్నాడు కదా, చూడలేదంటే మర్యాదగా ఉండదు. తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్క ఆడమనిషిని అడగలేదు. పక్షి సంగతులు ఆడకూలీలకేం తెలుస్తాయి?

శనివారం పొద్దు పొడిచేసరికి సారు నరసప్ప చేను గట్టు మీద ఉన్నాడు. ఒంటి మీద ఆకుల బొమ్మల చొక్కా, ఆకుల బొమ్మల ప్యాంటు, ఆకుల బొమ్మల టోపీ. నల్లరేగడి నేల మీద ఆ పచ్చ మనిషి మైలు దూరం నుంచి కనబడుతున్నాడు. కెమెరా మా బర్రెదూడ మూతి అంత పొడుగు ఉంది. ఆకుల బొమ్మల గుడారం ఒకటి వేసి అందులో బోర్లా పడుకున్నాడు.

హుసేనమ్మకు ప్రాణం లేచొచ్చింది. చదువుకున్న ఆయన, కెమెరా ఉన్న ఆయన చూశానంటే నరసప్ప ఇంక నోరెత్తడు. గూడు వైపు పోవద్దని మాత్రం గట్టిగా చెప్పి, గుంపుతో సాలు పట్టింది.

"అమ్మా, మాట్లాడవద్దు, ప్లీజ్," అన్నాడు సారు గుడారంలోంచి. "ష్."

"ఏందప్పా, పాము మాదిరి బుస కొడతాండావు," అంది భీమక్క.

"పక్షి బెదురుతుందమ్మా."

పన్నెండు మంది ఆడవాళ్ళు ఆ రోజంతా నోరు మూసుకొని కలుపు తీశారు. అలా ఎప్పుడూ చేయలేదు. మధ్యాహ్నానికి ఇద్దరికి తలనొప్పి వచ్చింది. నేలనెమలి రాలేదు. ఆదివారం సారు గుంపును ఇంకా దూరం పంపించి, పాకుకుంటూ పోయి బీడులో పడుకున్నాడు. చీమలు కుట్టాయి. ఊరకుక్క ఒకటి గుడారం మీద కాలెత్తి పోయింది. రెండు రోజుల్లో ఆయనకు కనబడినవి మూడు తొండలు, ఒక పాము కుబుసం. వాటిని కూడా ఫోటో తీశాడు, వచ్చింది వదలడం ఎందుకని.

ఆదివారం సాయంత్రం నరసప్ప వచ్చాడు. "సారూ, దొరికినాదా?"

"లేదు నరసప్పా. బహుశా ఈ అమ్మ పొరపాటు పడి ఉంటుంది. నెమలి పెట్టను చూసి ఉండవచ్చు. కౌజు కూడా కావచ్చు. మామూలు వాళ్ళకు గుర్తుపట్టడం కష్టం."

యాభై ఏళ్ళుగా చేలలో ఉన్న మనిషికి నేలనెమలికీ కౌజుకూ తేడా తెలియదని, తొమ్మిదేళ్ళుగా ఆ పక్షిని చూడని మనిషి తీర్పు చెప్పాడు. నరసప్ప గుడ్డ కట్టిన గడ్డి వైపు చూసి నవ్వాడు. వెనక నుంచి హెప్సిబా, గుంపులో అందరికన్నా చిన్నది, మెల్లగా అడిగింది. "అత్తా, మంగళవారం నుంచి నేను ఆ పక్కూరి గుంపులో పోయేదా?"

హుసేనమ్మ గుడారం మడుస్తున్న సారు దగ్గరికి పోయి నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"సారూ, నువ్వు ఈ రెండు దినాలు ఏం చేసినావో నీకు తెలుసా?"

"ఏం చేశానమ్మా?"

"పొంచినావు. నోరు మూసుకొని, నేలకు కరుసుకొని, ఆకులు కప్పుకొని పొంచినావు. ఈ బీళ్ళల్లో అట్ల పొంచేది ఎవరనుకున్నావు? వల తెచ్చేటోళ్ళు. కౌజులకు, కుందేళ్ళకు. ఆ పిట్ట అమ్మమ్మ కాలం నుంచి సూస్తాంది. అరుసుకుంటా వచ్చేటోళ్ళు గడ్డి పీక్కొని పోతారు. సప్పుడు లేకుండా వచ్చేటోడే పట్టుకొని పోతాడు. మేం పన్నెండు మందిమి అరుస్తాంటే దానికి ధైర్యం. మా నోర్లు కూడా మూయిస్తివి. అది ఇంగ యాడ ఎగురుతాది?"

సారు నోటుబుక్కు తీసి రాసుకోబోయాడు.

"రేపొక్క దినముండాది," అంది హుసేనమ్మ. "మా సాలులో వొచ్చి కలుపు తియ్యి. ఆ టోపీ వద్దు. కెమెరా సద్దిగంపలో పెట్టు. నోరు మాత్రం మూయొద్దు."

తొమ్మిదేళ్ళు టీలు తాగించినవాడికి ఒక రోజు కలుపు తీయడం పెద్ద లెక్క కాదు. సోమవారం పొద్దున సారు ఆదోని బస్టాండు నుంచి పన్నెండు పొట్లాలు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పంచి, ఆంజనేయులు పాత లుంగీ కట్టుకొని హుసేనమ్మకూ భీమక్కకూ మధ్య సాలు పట్టాడు. అర గంటలో గడ్డి పది పోచలు, వేరుశనగ మొక్కలు ఆరు పీకాడు.

"మాట్లాడు సారూ," అంది హుసేనమ్మ.

"ఏం మాట్లాడాలమ్మా?"

"అది కూడా మేమే చెప్పల్లా? మీ ఆడామె ఎట్ల ఊరుకుంటాండాది, నువ్వు ఈ ఆకుల గుడ్డలేసుకొని తిరుగుతాంటే?" అంది భీమక్క.

సారు మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళ నుంచి వానాకాలం వస్తే ఇంట్లో గొడవేనట. మంత్రాలయం తీసుకుపొమ్మని ఆమె అడిగినప్పుడల్లా ఈయనకు పక్షులే అడ్డమట. ఒకసారి ఆమె ఆయన దుర్భిణీని బియ్యం డబ్బాలో దాచిందట. భీమక్క నవ్వింది. హెప్సిబా నవ్వింది. ఆ నవ్వు చూసి సారుకు ఊపు వచ్చింది. కోడలి సంగతిలోకి దిగాడు. మనిషి లోపల ఇన్ని మాటలు పెట్టుకొని రెండు రోజులు గుడారంలో ఎట్లా పడుకున్నాడో. చేనంతా మళ్ళీ గోల గోల అయింది.

నరసప్ప అప్పుడే గట్టు మీదికి వచ్చాడు. లుంగీలో కలుపు తీస్తున్న బ్యాంకు సారును చూసి నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏం హుసేనక్కా, నీ పిట్టేమో గానీ కూలోన్ని మాత్రం మంచోన్ని పట్టినావు. రేపు గుంటక ఎనక ఈయన్నే..."

అంతవరకే అన్నాడు. బీడు గడ్డిలోంచి నల్లగా ఒకటి రెక్కలు టపటపలాడించుకుంటూ మనిషెత్తు లేచింది. తల వెనక ఈకలు గాలిలో వంపు తిరిగాయి. గరగరమని ఒక అరుపు. మళ్ళీ గడ్డిలోకి.

నరసప్ప నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. పన్నెండు మందీ చూశారు. చూడనిది ఒక్కరే. రాఘవేంద్ర సారు ఆ క్షణంలో వంగి, భీమక్కకు అరచేతిలో పొక్కు చూపిస్తున్నాడు.

"యాడ? యాడ?" అన్నాడు. తొమ్మిదేళ్ళ ఆత్రంలో ఆయన చదువుకున్న మాటలన్నీ పోయి ఎమ్మిగనూరు మాటలు బయటికొచ్చాయి.

"వంగు సారూ. మళ్ళ మాట్లాడు. మీ కోడలు ఏమనింది?" అంది హుసేనమ్మ, ఏమీ జరగనట్టు.

పాపం, ఏడుపు గొంతుతోనే కోడలు ఏమన్నదీ చెప్పాడు. ఇంతలో అది మళ్ళీ లేచింది. ఈసారి సారు చూశాడు. ఒక చేతిలో గడ్డి, ఒక చేతిలో కొడవలి. కెమెరా సద్దిగంపలో, జొన్నరొట్టెల కింద. ఆయన పరుగెత్తి, ఉల్లిగడ్డ కారం అంటిన కెమెరాను లుంగీతో తుడుచుకొని వచ్చి, మోకాళ్ళ మీద కూర్చొని, ఊపిరి బిగబట్టి గురిపెట్టాడు. మళ్ళీ పొంచాడన్న మాట. పక్షి ఆ రోజుకు పని చాలించింది.

సారు గట్టు మీద కూర్చొని బెంగళూరుకు ఫోను చేశాడు. అక్కడ వీళ్ళ పక్షుల సంఘం పెద్దాయన ఒకాయన ఉంటాడు. ఎవరు ఏ పక్షిని చూశారన్నది ఆయన ఒప్పుకుంటేనే చూసినట్టు. ఫోను పెద్దగా పెట్టేసరికి అందరికీ వినబడింది. ఆయన కన్నడంలో అడిగింది ఒకటే మాట, ఫోటో ఉందా అని.

"లేదు సార్. కానీ నా కళ్ళతో చూశాను."

"తొమ్మిదేళ్ళు వెతికితే ఎవరికైనా కనబడుతుంది రాఘవేంద్రా. మనసు అలాంటిది. నెమలి పెట్ట అయ్యుంటుంది."

రాఘవేంద్ర సారు ముఖం చిన్నబోయింది. నిన్న సాయంత్రం ఆయన అన్న మాటే ఇప్పుడు ఆయనకు వచ్చింది. సిగ్గుపడుతూనే ఫోను హుసేనమ్మ చేతికిచ్చాడు. "నువ్వు చెప్పమ్మా. ఒక్క మాట."

హాలహర్వి పక్కవాళ్ళకు, సరిహద్దు మనుషులు కాబట్టి, కన్నడం కొత్త కాదు. హుసేనమ్మ అందుకొని చెప్పింది. ఎంత ఉంటుందో, ఎక్కడ నలుపో ఎక్కడ తెలుపో, ఈకలు ఎటు వంగుతాయో, అరుపు ఎట్లా ఉంటుందో. అరుపు అరిచి కూడా వినిపించింది. అవతల నుంచి ఆ పెద్దాయన అడిగాడు.

"అమ్మా, నువ్వు ఎవరు? నీ మాట నేను ఎట్లా నమ్మేది?"

హుసేనమ్మ ఫోను ముందుకు చాపింది. దానికి జవాబు ఆమె చెప్పేది కాదు. ఇంకొకరు చెప్పాలి. పన్నెండు మందీ నరసప్ప వైపు చూశారు. నరసప్ప గట్టు మీద గడ్డిపోచ ఒకటి పీకాడు. దాన్ని పారేశాడు. చొక్కా సర్దుకున్నాడు. ఎరువుల అంగడిలో అప్పు పెట్టినవాళ్ళకు కూడా ఆయన ఇంత గడువు ఇచ్చి ఉండడు. చివరికి ముందుకొచ్చి ఫోను తీసుకున్నాడు.

"సార్, నేను నరసప్ప. ఈ చేను నాదే. ఆయమ్మ పేరు హుసేనమ్మ. శుక్రవారం నుంచి ఆయమ్మ ఉందంటే నేను లేదంటి. పిట్ట ఉండాది. నేను చూసినా. ఆయమ్మ చెప్పిందంటే ఇంగ ఫోటో అవసరం లేదు. రాసుకోండి."

ఫోను తిరిగిచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "అక్కా, రేపు గుంటక దింపేటప్పుడు నువ్వు ముందర నిలబడు. ఎంత జాగా వదలల్లో నువ్వే చూపించు. నా జీతగాడు ఎద్దుల్ని సుట్టూ తిప్పుకొని పోతాడు."

"నాలుగు బారలు," అంది హుసేనమ్మ.

"నాలుగా?"

"ఐదు చేయమంటావా?"

"నాలుగే," అన్నాడు నరసప్ప.

హెప్సిబా తన సాలు వదిలి వచ్చి, హుసేనమ్మ పక్క సాలు పట్టుకుంది.